సభ్యుల పట్టిక చేతబట్టిన రోజులు

మా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంఘానికి ఉన్న చాప్టర్లలో, అంటే స్థానిక విభాగాల్లో, మాది పెద్దదేమీ కాదు. సభ్యులు రెండు వందల పైచిలుకు ఉన్నా, క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు అందులో మూడోవంతు ఉంటే గొప్ప. ఏడాదికి రెండుసార్లు అందరం ఒకచోట చేరడం, మధ్యలో ఎవరైనా ఆచార్యులు మా వైపు వస్తే ఒక సాయంత్రం వారి ఉపన్యాసం పెట్టుకోవడం, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన జూనియర్లకు ఇల్లు వెతుక్కోవడంలో సాయపడటం, ఆర్థికంగా ఇబ్బంది పడుతున్న కొందరు విద్యార్థులకు ఏటా ఉపకారవేతనం పంపడం, ఇవీ మా కార్యకలాపాలు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మీదే ఇదంతా నిలబడి ఉందన్న సంగతి, ఆ కూర్చోవడమే సాధ్యం కాని రోజులు వచ్చేదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

కార్యదర్శి బాధ్యత నాకు కోవిడ్ మహమ్మారికి ముందు ఏడాదే వచ్చింది. చాలాకాలం ఆ పని చేసిన పెద్దాయన, నాకు ఇరవై ఏళ్ల పైబడిన సీనియర్, లెక్కల పుస్తకంతోపాటు చేతిరాతతో నిండిన సభ్యుల పట్టిక ఒకటి అప్పగించారు. అందులో పేరు, చదివిన శాఖ, బ్యాచ్, ఫోను నంబరు తర్వాత ఇంకో గడి ఉండేది. దానికి ఆయన శీర్షిక ఏమీ పెట్టలేదు. ఎవరికి వినికిడి తక్కువ, ఎవరి పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి మధ్యాహ్నం ఫోను చేస్తే నిద్ర చెడుతుంది, హాస్టల్లో ఏ ఇద్దరిదీ ఒకే గది, ఏ ఇద్దరికి ఇప్పుడు మాటలు లేవు అన్న విషయాలు ఆ గడిలో పొడిపొడి మాటల్లో రాసి ఉండేవి. మా కంప్యూటర్ జాబితాలో అన్నీ ఉన్నాయి గాని, ఆ ఒక్క గడి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ఈ కొత్త వ్యాధిని అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించేనాటికి మేం వార్షిక సమావేశం ఏర్పాట్లలో మునిగి ఉన్నాం. మార్చి 11న అదే సంస్థ దాన్ని ప్రపంచ మహమ్మారి అని పేర్కొన్నాక, కార్యవర్గ సభ్యులం ఫోన్లలో మాట్లాడుకున్నాం. రెండు నెలలు వాయిదా వేద్దామని ఎక్కువమంది అన్నారు. సూక్ష్మజీవశాస్త్రం చదివిన ఒక సభ్యురాలు మాత్రం, ఎంతో మృదువుగా, "రెండు నెలలని చెప్పి అందరిలో ఆశ పెట్టవద్దండీ, తేదీ చెప్పకుండా రద్దు చేసేద్దాం" అన్నారు. ఆమె మాటే నెగ్గింది. ఆ కాలంలో మేం తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ ఇదే మేలైనదని నా అభిప్రాయం. ఎప్పటికప్పుడు వాయిదాలు వేసుకుంటూ ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే, వేరే దారి వెతకాలన్న ఆలోచనే మాకు వచ్చేది కాదు.

అప్పటికి మాకున్న ఏకైక ఉమ్మడి వేదిక వాట్సాప్ గ్రూపు. ఆ రోజుల్లో ఒక గ్రూపులో 256 మందికి మించి చేరే వీలు లేదు. మేం ఆ హద్దుకు దగ్గరలోనే ఉన్నాం. అందరూ ఇళ్లలో ఉండిపోయాక వారం తిరిగేసరికి ఆ గ్రూపు ఇంటి వైద్యాలతో, ఎక్కడివో తెలియని ఆసుపత్రి దృశ్యాలతో, ఊరూ పేరూ లేని వైద్యుల స్వరాలతో నిండిపోయింది. నిజమైన సమాచారం, తప్పుడు సమాచారం కలగలిసి మనిషిని ముంచెత్తే ఈ స్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఫిబ్రవరిలోనే ఇన్ఫోడెమిక్ అనే మాట వాడింది. ఏప్రిల్‌లో వాట్సాప్ కూడా, అప్పటికే ఎన్నోసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కు మాత్రమే పంపగలిగేలా కట్టడి పెట్టింది.

మేం గ్రూపును రెండుగా విడదీశాం. ఒకటి ప్రకటనలకు, అందులో కార్యవర్గం మాత్రమే రాస్తుంది, రెండోది మాటామంతీకి. ఆరోగ్యానికి సంబంధించి ఏ సందేశం వచ్చినా ముందుగా మా సభ్యుల్లో ఉన్న వైద్యులకు, సూక్ష్మజీవశాస్త్రం చదివిన ఆ సభ్యురాలికి పంపి, వాళ్లు సరేనన్నాకే గ్రూపులో పెట్టాలని అందరినీ కోరాం. పెద్దవారెవరైనా తెలియక తప్పు సందేశం పెడితే నలుగురిలో దిద్దడం కాకుండా, వారికి విడిగా ఫోను చేసి చెప్పాలని మాలో మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. దీనికి సమయం పట్టేది. సందేశం గురించి మొదలైన ఫోను వారి నిద్ర గురించి, కాలు నొప్పి గురించి, ఎక్కడో చిక్కుకుపోయిన మనవరాలి గురించి సాగేది. కాని అలా ఫోను అందుకున్నవారు ఎవరూ నొచ్చుకోలేదు. పైగా ఆ తర్వాత నుంచి ఏ సందేశం వచ్చినా "ఇది నిజమేనా బాబూ?" అని వారే ముందుగా అడిగేవారు.

ఆ జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన ఫలితం వెలువడి, డెక్సామెథసోన్ అనే చౌక మందు తీవ్రంగా జబ్బుపడినవారిలో మరణాలను తగ్గిస్తోందని తెలిసినప్పుడు, మా గ్రూపులో ఆ మందు పేరు మారుమోగిపోయింది. వెంటనే మా వైద్యులు ఇద్దరు ఒక ఆదివారం సాయంత్రం అందరికీ విడమరచి చెప్పారు. ఆ మేలు వెంటిలేటర్ మీద ఉన్నవారికి, ఆక్సిజన్ అవసరమైనవారికి మాత్రమేనని, ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల ప్రయోజనమేమీ కనిపించలేదని, ఇంట్లో సొంతంగా వేసుకుంటే కీడు జరగవచ్చునని వాళ్లు ఆ సాయంత్రం ఎన్నిసార్లు చెప్పారో. తమ విధుల్లో అలసిపోయి వచ్చి, ముఖాల మీద మాస్కుల ఒరుపులు అలాగే ఉండగా మా ముందు కూర్చున్న ఆ ఇద్దరికీ మా చాప్టర్ ఎంతో రుణపడి ఉంది.

ఆదివారం సాయంత్రాల గురించి చెప్పాలి. 2019 డిసెంబరులో జూమ్ సమావేశాల్లో పాల్గొనేవారి సంఖ్య రోజుకు సుమారు కోటి ఉండగా, 2020 ఏప్రిల్ నాటికి అది 30 కోట్లకు చేరింది. ఆ 30 కోట్లలో మేమూ ఉన్నాం. ఉచిత ఖాతాలో వంద మందికి, నలభై నిమిషాలకు పరిమితి ఉండేది. పిలవని అపరిచితులు సమావేశాల్లోకి చొరబడి అల్లరి చేస్తున్నారన్న ఫిర్యాదులు ఎక్కువై, ఏప్రిల్ 5 నుంచి పాస్‌వర్డును, వెయిటింగ్ రూమును మామూలు నియమాలుగా మార్చారు. అది మంచిదే గాని, డెబ్బై దాటిన మా సభ్యులకు ఆ పాస్‌వర్డు చేరవేయడం, అది ఎక్కడ కొట్టాలో చెప్పడం, మైకు బొమ్మ మీద అడ్డగీత ఉంటే మాట వినపడదని వివరించడం మా కుర్రవాళ్లకు శనివారమంతా సరిపోయే పని అయింది. ఒక్కొక్క పెద్దవారికి ఒక్కొక్క జూనియర్‌ను జతచేశాం. వాళ్లు ముందురోజే ఫోను చేసి, ఓపికగా ఒకసారి తెరిపించి, మూయించి, మళ్లీ తెరిపించేవారు.

మొదటి ఆదివారం సమావేశంలో చర్చ అంటూ ఏమీ జరగలేదు. ఒకరి నుదురు మాత్రమే కనిపించింది, ఒకరి ఇంటి పైకప్పు కనిపించింది, ఇంకొకరి మాట వినిపించింది గాని మనిషి కనిపించలేదు. ఒక్కో ముఖం తెర మీదకు వచ్చినప్పుడల్లా మిగిలినవారు ఆ పేరు గట్టిగా పిలిచేవారు. ఆ పిలుపులు విని కళ్లు తుడుచుకున్నవారిని చూశాను. నలభై నిమిషాలకు తెర ఆగిపోతే, రెండో లింకు పంపాం. అందరూ మళ్లీ వచ్చారు. తర్వాత ఒక సభ్యుడు తన ఖాతాను చాప్టర్ కోసం వాడుకోమని ఇవ్వడంతో ఆ గడువు బెడద తీరింది.

సమావేశం చివర మా విశ్వవిద్యాలయ గీతం పాడటం మొదటినుంచీ ఆనవాయితీ. తెర మీద కూడా పాడదామని ప్రయత్నించాం. ఎవరి గొంతు ముందో, ఎవరి గొంతు వెనకో తెలియకుండా పోయింది. మాలోని ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు దాని కారణం చెప్పారు. మామూలు సంభాషణలో ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమైనా మనకు పెద్దగా తెలియదట. కలిసి పాడేవారికి మాత్రం ముప్పై మిల్లీసెకన్ల తేడా వచ్చినా తాళం తప్పుతుందట. ఇంటింటి నెట్ కనెక్షన్‌తో ఆ ఆలస్యాన్ని అంత తక్కువకు తేవడం మా వల్ల కాదు. అందుకని ఒక్కరే పాడేటట్లు, మిగిలినవారు మైకులు మూసి తమ ఇళ్లలో గొంతు కలిపేటట్లు ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి ఇంట్లోనూ ఆ ఒక్క గొంతూ, తన గొంతూ మాత్రమే వినిపిస్తాయి. అయినా పెదవులు కదులుతున్న ముఖాలన్నీ ఒకే తెర మీద కనిపించేవి. కొన్ని నెలలకు ఒక జూనియర్ అందరి చేతా ఎవరికి వారు విడిగా పాడించి, రికార్డులన్నీ తెప్పించుకుని, రాత్రులు కూర్చుని వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, నిజంగా బృందగానంలా వినిపించేలా చేశాడు. శ్రుతి అక్కడక్కడా తప్పుతుంది. దాన్ని నేనిప్పటికీ దాచుకున్నాను.

వేసవి గడిచేసరికి ఆదివారాల హాజరు పలచబడింది. పగలంతా ఉద్యోగాలు, పిల్లల చదువులు అదే తెర మీద సాగుతుంటే, సాయంత్రం మళ్లీ ఆ తెర ముందు కూర్చోవడం ఎవరికైనా భారమే. 2021 ఫిబ్రవరిలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్‌సన్ ఈ అలసటకు నాలుగు కారణాలు చెప్పారు: ముఖాలు మరీ దగ్గరగా, కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నట్లుండటం, అంతసేపూ మన ముఖం మనకే కనబడుతుండటం, కదలకుండా ఒకచోట కూర్చోవలసి రావడం, ఎదుటివారి సైగలు గ్రహించడానికి మనసు ఎక్కువ శ్రమపడవలసి రావడం. అది చదివినప్పుడు, మాకు అనుభవంలో తెలిసినదానికి మాటలు దొరికినట్లయింది. అప్పటికే మేం సమావేశాన్ని నెలకు రెండుసార్లకు తగ్గించి, కెమెరా తెరవడం ఎవరి ఇష్టం వారిదని చెప్పి, మొదటి అరగంట తర్వాత హాస్టళ్లవారీగా చిన్న చిన్న గదులుగా విడదీయడం మొదలుపెట్టాం. పదిమంది ఉన్న గదిలో ప్రతివారికీ మాట్లాడే వంతు వచ్చేది. పాత వార్డెన్ల సంగతులు, పరీక్షల ముందు రాత్రులు, గ్రంథాలయం మూసేవేళ మోగే గంట, ఇవన్నీ పెద్ద సమావేశాల్లో వచ్చేవి కావు. ఆ గదుల్లోనే వచ్చాయి.

అయితే నన్ను కలవరపెట్టింది వచ్చినవాళ్ల అలసట కాదు, మొదటినుంచీ రానివాళ్ల సంగతి. ఒక రాత్రి కంప్యూటర్ జాబితా ముందు పెట్టుకుని, ఆదివారాల్లో గాని గ్రూపులో గాని ఒక్కసారైనా కనిపించినవారి పేర్లకు ఎదురుగా గుర్తు పెట్టుకుంటూ పోతే, గుర్తు లేని పేర్లు చాలానే మిగిలాయి. వాళ్లెవరో, ఎలా ఉన్నారో ఆ జాబితా చెప్పలేకపోయింది. అప్పుడు పెద్దాయన ఇచ్చిన పట్టిక తీసి, శీర్షిక లేని ఆ గడి చదివాను. మిగిలిన పేర్లలో అధికభాగం ఒంటరిగా ఉంటున్నవాళ్లవి, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లవి, వినికిడి తగ్గినవాళ్లవి. చాప్టర్ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాళ్లకే మేం ఎంచుకున్న మార్గం అందడం లేదని స్పష్టంగా తెలిసింది.

మర్నాడే పెద్దాయనకు ఫోను చేశాను. ఆయన అంతా విని, "చూడు బాబూ, వాళ్లను మన దగ్గరికి రమ్మంటున్నాం, మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఫోను ఉందిగా" అన్నారు. ఆ మాట నుంచే మా ఫోన్ బృందాలు పుట్టాయి. ముందుకొచ్చిన ప్రతి సభ్యుడికీ ఎనిమిది, పది పేర్లు ఇచ్చాం. వారానికి ఒకసారి ఒక్కొక్కరికీ ఫోను చేయాలి. ఎత్తకపోతే ఆ సాయంత్రం మళ్లీ చేయాలి. అప్పటికీ ఎత్తకపోతే బృందం పెద్దకు చెప్పాలి, వాళ్లు ఇంటిపక్కవారినో బంధువులనో వాకబు చేస్తారు. పేర్లు పంచేటప్పుడు బ్యాచ్‌లను కావాలనే కలిపాం. 1970ల బ్యాచ్ వారి పేర్లు నిన్నమొన్న చదువు ముగించినవారి చేతికి వెళ్లాయి. పెద్దాయన తనకూ పేర్లు కావాలని పట్టుబట్టి, అందరికంటే పొడవైన జాబితా తీసుకున్నారు.

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినప్పుడు అమెరికాలో టెలిఫోన్ కంపెనీలు, తమ ఆపరేటర్లే జబ్బునపడటంతో, అత్యవసరమైతే తప్ప ఫోను చేయవద్దని పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి ప్రజలను వేడుకున్నాయి. నూరేళ్ల తర్వాత వచ్చిన మహమ్మారిలో అందుకు పూర్తిగా భిన్నంగా జరిగింది. 2020 వసంతంలో అదే దేశంలో మామూలు వాయిస్ కాల్స్ సంఖ్యా, వాటి నిడివీ కూడా పెరిగాయని అక్కడి సంస్థలు వెల్లడించాయి. మా చిన్న బృందంలోనూ అదే చూశాం. మొదట్లో "బాగున్నారా, మందులున్నాయా" అని రెండు నిమిషాల్లో ముగిసిన కాల్స్, నెల తిరిగేసరికి అరగంటకు, గంటకు పెరిగాయి. ముఖం కనిపించని ఆ మాటల్లో మనుషులు ఎంతో స్వేచ్ఛగా మనసు విప్పారు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం. వీడియోలో అందరి ముందూ నవ్వుతూ కనిపించిన ఒక సభ్యుడు, ఫోనులో మాత్రం తన ఉద్యోగం పోయి రెండు నెలలైందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని నాతో అన్నారు. మర్నాటికి ఆయన రంగంలో పనిచేసే మరో సభ్యుణ్ణి ఆయనకు కలపగలిగాం.

మా జాబితాలో ఒక పెద్దావిడ ఉండేవారు. తన తరగతిలో ఆమె ఒక్కరే ఆడపిల్లగా చదువుకున్న కాలం నాటివారు. సమావేశాలకు ఎప్పుడూ రాలేదు; పట్టికలో ఆమె పేరు పక్కన "కబుర్లంటే ఇష్టం, తనంతట తాను ఫోను చేయరు" అని మాత్రం ఉంది. ఆమె పేరు చదువు పూర్తయి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి జాబితాలో చేరింది. ఆ అమ్మాయి నాలుగు వారాల తర్వాత నాకు ఫోను చేసి, "సార్, అమ్మమ్మగారు చెప్పే సంగతులు నేనొక్కదాన్నే వింటే లాభం లేదు, రికార్డు చేసుకోవచ్చా అని అడగమంటారా?" అంది. ఆమె ఎంతో సంతోషంగా ఒప్పుకున్నారు. ప్రయోగశాలలో తనకు విడిగా బల్ల వేయడం గురించి, ఆడపిల్లల హాస్టల్ కట్టకముందు ఎక్కడ ఉండి చదువుకున్నారో, తొలిసారి స్నాతకోత్సవ వేదిక ఎక్కినప్పుడు హాలంతా ఎలా నిశ్శబ్దమైపోయిందో ఆమె చెప్పిన మాటలు మా విశ్వవిద్యాలయ చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు. ఆ రికార్డులను ఆమె అనుమతితో గ్రంథాలయానికి అందజేశాం. ఆ తర్వాత మరికొందరు పెద్దల జ్ఞాపకాలు కూడా అలాగే సేకరించాం. ఆ కాలంలో చాప్టర్ చేసిన పనుల్లో కలకాలం నిలిచేది ఇదేనని నా నమ్మకం.

ఆ అమ్మాయి బ్యాచ్ గురించి కూడా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువు మూతపడిన తరగతుల వల్ల దెబ్బతిన్నదని యునెస్కో లెక్కకట్టింది. మా 2020 బ్యాచ్ వాళ్లు హాస్టల్ గదులు ఖాళీ చేసి వెళ్తూ స్నేహితులకు వీడ్కోలు కూడా చెప్పుకోలేదు. వాళ్ల పట్టాలు పోస్టులో వచ్చాయి. చేతికొచ్చిన ఉద్యోగాలను కొన్ని సంస్థలు వెనక్కి తీసుకున్నాయి. వాళ్లకోసం సీనియర్లు వారాంతాల్లో ఇంటర్వ్యూల సాధన పెట్టారు, దరఖాస్తులు దిద్దారు, తమ సంస్థల్లో ఖాళీలు ఉంటే వెంటనే కబురు పంపారు. వాళ్లు అధికారికంగా ఇంకా చాప్టర్ సభ్యులు కూడా కాదని ఎవరో గుర్తుచేస్తే, అప్పటికప్పుడు ఆ ఏడాది సభ్యత్వ రుసుము రద్దుచేస్తూ తీర్మానం చేశాం.

ఉపకారవేతనాల విషయంలో మాత్రం గట్టి చర్చ జరిగింది. సభ్యుల్లోనే కొందరి జీతాలు తగ్గాయి, కొందరికి పూర్తిగా ఆగాయి. ఈ ఏడాదికి నిధి సేకరణ ఆపుదామన్న మాట న్యాయమైనదే. అప్పుడు చరిత్ర చదివిన ఒక సభ్యుడు విలియమ్స్ కళాశాల కథ చెప్పారు. 1821లో అమెరికాలోని ఆ కళాశాల అధ్యక్షుడు కొంతమంది విద్యార్థులతో సహా వేరేచోటికి తరలిపోవడంతో, కళాశాల నిలుస్తుందో లేదో తెలియని స్థితి ఏర్పడింది. అప్పుడు అక్కడ చదివినవారంతా దాన్ని ఆదుకోవడానికి ఒక సంఘంగా కూడారు. ఆ దేశంలో పూర్వ విద్యార్థుల సంఘాలన్నిటిలోకీ పాతది అదే. "మనలాంటి సంఘాల పుట్టుకే ఇలాంటి రోజుల్లో జరిగింది" అన్నారాయన. ఎవరు ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియకుండా కోశాధికారికే నేరుగా పంపే పద్ధతి పెట్టాం. ఉపకారవేతనాలు ఆగలేదు, ఆ ఏడాది వాటిలో కొంత భాగం ఆన్‌లైన్ పాఠాలు వినడానికి ఫోనుల కోసం వెళ్లింది.

ఆ డిసెంబరు 21న జరిగిన ముచ్చట ఒకటి తలచుకోకుండా ఉండలేను. గురు, శని గ్రహాలు ఆ సాయంత్రం ఆకాశంలో ఒక డిగ్రీలో పదోవంతు దూరానికి వచ్చాయి. 1623 తర్వాత అవి అంత దగ్గరగా కనిపించడం అదే మొదటిసారి. మా భౌతికశాస్త్రం సీనియర్ ఒకరు ముందురోజు అందరికీ ఎటు చూడాలో, సూర్యాస్తమయం తర్వాత ఎంతసేపు మాత్రమే కనిపిస్తాయో చెప్పారు. ఎవరి మేడ మీద వాళ్లం నిలబడి, ఫోన్లలో మాట్లాడుకుంటూ ఒకే చోటికి చూశాం. దూరదేశాల్లో ఉన్న సభ్యులు తమ తమ సాయంత్రాల్లో చూసి, గంటల తేడాతో ఒకరి తర్వాత ఒకరు "కనిపించాయి" అని రాస్తూ వచ్చారు. సమావేశాల తేదీలకు గడియారాల తేడా ఎప్పుడూ తలనొప్పిగానే ఉండేది, కొన్ని దేశాల్లో ఏటా రెండుసార్లు గంట ముందుకో వెనక్కో జరపడంతో మరీను. ఆ ఒక్క రోజు మాత్రం ఆ తేడా మాకు పండుగను పొడిగించింది.

2021 గురించి రాయడం కష్టం. ఆ మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరుపెట్టిన రకం వ్యాపించిన రోజుల్లో మా ఫోన్ బృందాల పని స్వభావమే మారిపోయింది. కబుర్లు పోయి, ఆక్సిమీటర్ అంకెలు వచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతున్నా కొందరికి ఆయాసం తెలియదని వైద్యులు హెచ్చరించినందువల్ల, ఇంట్లో జబ్బుతో ఉన్న సభ్యులకు ఉదయం, సాయంత్రం ఫోను చేసి ఆ అంకె అడిగి రాసుకునేవాళ్లం. రాత్రివేళ ఫోను ఎత్తడానికి వంతులు వేసుకున్నాం. ఎక్కడ పడక ఖాళీ ఉందో, ఏ నంబరు నిజంగా పలుకుతుందో కుర్రవాళ్లు ఒక్కొక్కటీ స్వయంగా ఫోను చేసి నిర్ధారించుకున్నాకే పట్టికలో చేర్చేవారు. నిర్ధారణ చేసిన వేళ కూడా పక్కన రాసేవారు, ఎందుకంటే రెండు గంటల క్రితం నిజమైనది ఇప్పుడు నిజం కాకపోవచ్చు.

కొందరిని కాపాడుకోలేకపోయాం. నా బ్యాచ్‌లో నాకు అత్యంత ఆప్తుడైన మిత్రుడు వారిలో ఒకడు. వాడి అంత్యక్రియలకు ఎవరమూ వెళ్లలేని పరిస్థితి. సంతాప సభ తెర మీదే పెట్టాం. మాట్లాడేవారి క్రమం ముందుగా నిర్ణయించాం, మిగిలినవారి మైకులు మూశాం, గడువు పెట్టలేదు. హాస్టల్లో వాడు రాత్రిళ్లు జూనియర్లకు లెక్కలు చెప్పేవాడని, ఒక సహాధ్యాయి పరీక్ష రుసుము కట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని, గుంభనంగా ఉండే ఆ మనిషి నాటకాల్లో మాత్రం నవ్వించి చంపేవాడని ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. చివర వాడి కూతురు, "ఈ నాన్న నాకు తెలియదు అంకుల్, ఇంకా చెప్పండి" అంది. ఆ రాత్రి చాలాసేపు చెప్పుకుంటూనే ఉన్నాం. ఎదురుగా జరిగే సభలో అన్ని దూరాల నుంచి అంతమంది వచ్చి ఉండేవారు కాదన్న నిజం నాకు కొంత ఊరట. ఆ సభ రికార్డును కుటుంబానికి మాత్రమే ఇచ్చాం; చాప్టర్ దగ్గర ఉంచుకోలేదు. ఆ తర్వాత జరిగిన సంతాప సభలకూ అదే నియమం పాటించాం.

2022లో, అందరూ టీకాలు వేయించుకున్నాక, ఆరుబయట ఒక చిన్న సమావేశంతో మళ్లీ కలుసుకోవడం మొదలైంది. ఎదురుపడ్డప్పుడు చేతులు కలపాలా వద్దా అని ఒక్క క్షణం ఆగడం, ఆ తర్వాత ఆగలేకపోవడం అందరికీ అనుభవమే. ఫోనులో మాత్రమే ఎరిగిన గొంతులను ముఖాలతో జతచేసుకోవడానికే ఆ రోజంతా సరిపోయింది. పెద్దావిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఇన్నేళ్లలో ఆమె మా సమావేశానికి రావడం అదే మొదటిసారి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మేం మాత్రం దేన్నీ ముగించలేదు. సమావేశం హాల్లో జరిగినా, రాలేనివారికోసం తెర ఉంటుంది. హాల్లోని మాటలు వాళ్లకు స్పష్టంగా వినపడాలని మాట్లాడేవారందరి చేతికీ మైకు అందించే బాధ్యతను ఒక సభ్యుడికి ప్రత్యేకంగా అప్పగిస్తాం, దూరంగా ఉన్నవారి ప్రశ్నలే ముందుగా తీసుకుంటాం. పెద్దాయన ఇచ్చిన పట్టికలోని ఆ చివరి గడిని, ఎవరి వివరాలు వారి సమ్మతితోనే, కంప్యూటర్ జాబితాలోకి ఎక్కించాం. అది కార్యదర్శికి, బృందాల పెద్దలకు తప్ప మరెవరికీ కనిపించదు.

ఈ ఏడాది కార్యదర్శి బాధ్యతను ఆ 2020 బ్యాచ్ అమ్మాయికే అప్పగించాం. పదవి తీసుకున్న వారంలోనే ఆమె ఫోన్ బృందాలను కొత్తగా కూర్చి, ఎవరి పేర్లు వారికి పంపి, తొలి కాల్స్ ఆదివారం లోగా పూర్తి చేయాలని అందరికీ రాసింది. నా వంతుకు వచ్చిన పేర్లలో ముగ్గురితో నేను ఇంతవరకు మాట్లాడలేదు. అందులో ఒకరు నిరుడే చదువు ముగించి మా వైపు వచ్చారట. ఉదయం పది దాటాక ఫోను చేయమని రాసి ఉంది.